బకెట్లో కొమ్మ

మైకు మామ చచ్చిన పగడపు ముక్కను మూడో బ్యాచి పర్యాటకుల చేతుల్లో పెట్టాడు.

"తనివితీరా తడిమెయ్యండి. చేతి దురద ఇక్కడే తీర్చుకోండి. నీళ్ళలో బతికున్నదాన్ని మాత్రం ముట్టుకోకండి."

ఇరవై ఏళ్ళుగా ఊరూరి చేతులు తడిమి తడిమి ఆ ముక్క అరిగిన సబ్బుబిళ్ళలా నున్నబడింది. మామ మాత్రం గరుగ్గానే మిగిలాడు: గొంతూ, గడ్డమూ, మోకాళ్ళూ.

రేవులో రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీ, గురగురలాడే మైకు. పడవెక్కే పర్యాటకులకు పది నిమిషాలు చెప్పడం ఆయన ఉద్యోగం.

"ఈ ముక్క విరగ్గొట్టింది నేనే. కుర్రతనంలో సున్నం బట్టీలో కాల్చడానికి గడ్డపారతో పగడపు దిబ్బలు కొట్టాను. పగడానికి మనమీద పగ లేదండీ, మనకే! పగడపు దిబ్బని పెంటదిబ్బ చెయ్యకండి. తొక్కొద్దు బాబూ, తొక్కలో ఫొటో కోసం!"

నవ్వారు. నవ్వించకపోతే వినరు, నవ్విస్తే విన్నది ఆ నవ్వుతోనే పోతుంది.

ఆయన కోరిక చిన్నది. ఒక్క బ్యాచి, ఒక్కటంటే ఒక్కటి, ఉత్త చేతులతో తిరిగి రావాలి. అందుకే పడవ ఆగగానే మొహాలు చూడడు, చేతులు చూస్తాడు.

పడవ వచ్చింది. ముందు దిగిన పదకొండు మందివీ ఖాళీ చేతులే. మామ కుర్చీలోంచి లేచాడు. చివరగా దిగిన టీచరమ్మ తువ్వాలు విప్పింది.

"మీ మాటలకి ఏడుపొచ్చేసింది అంకుల్. మీ ముక్క పాతబడిపోయింది కదా, కొత్తది తెచ్చాను."

గోధుమరంగు కొమ్మ. తడిగా, ప్రాణంతో.

మామ దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. "మంచిదమ్మా," అన్నాడు. ఆమె పక్కన నిలబడి సెల్ఫీ కూడా తీసుకుంది.

"చెడామడా తిట్టకపోయావా బావా?" అన్నాడు పడవ నడిపే బావమరిది.

"తిడితే అతుక్కుంటుందట్రా? బకెట్లో సముద్రపు నీళ్ళు పొయ్యి. రేప్పొద్దున్నే తీసుకెళ్ళి దాని చోట ఇరికిద్దాం."

"నీ మోకాళ్ళతోనా?"

"మోకాళ్ళని ఎవడు పిలిచాడు? నేనొస్తాను."

నాలుగో బ్యాచి వచ్చేసరికి మైకు గురగురలాడుతోంది, మామ తల పక్కకు వాలి ఉంది. కునుకు తీస్తున్నాడనుకుని, ఉపన్యాసం తప్పిందని సంబరంగా పడవెక్కేశారు. తిరిగొచ్చాక బావమరిది భుజం తట్టి చూశాడు. ఒళ్ళు చల్లబడిపోయింది.

షెడ్డు మళ్ళీ తెరిచింది నాలుగో రోజున. కుర్చీ పక్కన బకెట్లో కొమ్మ రంగంతా వదిలేసి, సున్నంలా తెల్లగా, ఇంకా ఎవరూ తడమని గరుకుతో ఉంది.