క్యాంటీను బల్ల మీద చోటు

ఆ పేపర్ మిల్లులో ఒక కాంట్రాక్టు మేస్త్రి ఉండేవాడు. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను తిరిగే మెషీనుకూ, పిడిని తన చెవికీ ఆనించి, లోపల ఏ బేరింగు ఎన్నాళ్ళకు చస్తుందో చెప్పేసేవాడు. అందుకే అందరూ చెవి మేస్త్రి అనేవారు. వీధి చివర అగ్గిపుల్ల గీస్తే, అది వెలిగిందో ఆరిందో ఇంట్లో కూర్చుని చెప్పేవాడట. అది వట్టి కోత. గీసింది వీధి మధ్యలోనే.

అంతటి చెవిలో పద్నాలుగేళ్ళ కిందట ఒక మాట పడింది, మళ్ళీ బయటికి పోలేదు. చేరిన కొత్తలో అతను క్యాంటీను బల్ల దగ్గర క్యారియరు విప్పాడు. మిల్లు ఇంజనీరు వచ్చి, "కాంట్రాక్టు వాళ్ళకి ఇక్కడ చోటు లేదు మేస్త్రీ. బయట తిను, గాలి బాగుంటుంది" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచీ గేటు పక్క సిమెంటు దిమ్మె మీదే మేస్త్రి భోజనం, ఎండైనా వానైనా. గాలి బాగానే ఉండేది. ఆ గాలికి పగ కూడా ఏపుగా పెరిగింది.

అది చాలదన్నట్టు, మేస్త్రి చేసిన ప్రతి రిపేరునూ ఇంజనీరు తన పేరు మీద పైకి రాసుకున్నాడు. వాటికి బహుమతిగా వచ్చిన మూడు షీల్డులు ఇంజనీరు కుర్చీ వెనక గోడకు వేలాడుతుండేవి.

ఇలా ఉండగా యజమాని పెద్ద మెషీనొకటి కొన్నాడు. "ఆ చెవి మేస్త్రిని పక్క మిల్లువాళ్ళు ఎగరేసుకుపోకముందే పర్మనెంటు చెయ్యి. అతను పోతే స్క్రూడ్రైవరు నువ్వే పట్టుకుంటావు" అని ఇంజనీరుకు చెప్పాడు. మేస్త్రికీ, అక్కడే కాంట్రాక్టులో ఉన్న అతని బావమరిది వెల్డరుకూ పర్మనెంటు ఆఫర్ కాగితాలు అందాయి. శనివారం సాయంత్రంలోగా సంతకం పెట్టాలి, దాటితే చెల్లదు.

వెల్డరు నిలబడ్డచోటే పెట్టేశాడు. మేస్త్రి మాత్రం కాగితం ఇంటికి తెచ్చి ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం బావా, దానికి కూడా చెవి ఆనిస్తావా?" అన్నాడు వెల్డరు.

"ఆనించా. లోపల కరకరమంటోంది. కొత్తగా చేరినట్టు రాశార్రా. నా పద్నాలుగేళ్ళు ఏమయ్యాయి?"

"పోతే పోయాయి! ఏటేటా గేటు పాసు కోసం వాళ్ళ ముందు చేతులు కట్టుకు నిలబడ్డం తప్పుతుంది కదా."

మేస్త్రి భార్య చేతిలో గిన్నె ఠపీమని కిందపెట్టింది. "ఏమయ్యా, నిజం చెప్పు. నీకు పాత సర్వీసు కావాలా, ఆ ఇంజనీరు పరువు తియ్యాలా?"

"రెండూ."

"శనివారం దాటనీ, నీ పగనే వండి వడ్డిస్తా. మూడు పూటలా అదే తిందువుగాని."

ఏటా కాంట్రాక్టు తిరగరాసేదాకా కంటి మీద కునుకు లేని మనిషి ఆవిడ. అన్నంత పనీ చేస్తుందని మేస్త్రికి తెలుసు.

శనివారం మధ్యాహ్నం అతను ఇంజనీరు గదిలో అడుగుపెట్టాడు.

"పెద్దాఫీసులో అడిగొచ్చాను సార్. పాత సర్వీసు కలపాలంటే, నేను చేసిన పనులు మీరు స్వయంగా రాసివ్వాలట."

"ఓస్, అంతేనా!" అంటూ ఇంజనీరు "రిపేర్లలో సాయపడ్డాడు" అని ఒక్క ముక్క రాసి తోశాడు.

"అలా కుదరదట సార్. ఏ రిపేరు, ఏ రోజు, ఎవరు చేశారు, అన్నీ ఉండాలి. మీకు మతిమరుపు కదా అని చీటీ తెచ్చాను."

ఆ చీటీ మడతలు విప్పుతుంటే బల్ల దాటి, నేల మీద పాకి, గుమ్మంలోంచి వరండాలోకి తొంగి చూసిందని చెప్పుకుంటారు. అందులో మొదటిది, వరదనీళ్ళలో మునిగిన పంపు. ఇంజనీరు కలం ఆగిపోయింది. మొదటి షీల్డు దానికి వచ్చిందే.

"ఇది మనిద్దరం కలిసి..."

"ఆ రోజు మీకు పన్నుపోటు సార్. సెలవు పెట్టారు."

ఇంజనీరు చీటీని పక్కకు జరిపాడు. "ఇది లేకపోతే ఏమవుతుందయ్యా?"

"ఏమీ కాదు సార్. పక్క మిల్లువాళ్ళు ఏ కాగితమూ అక్కర్లేదు, వచ్చెయ్యమన్నారు. యజమానిగారికి మాత్రం మీరే చెప్పుకోండి."

నిజానికి పక్క మిల్లువాళ్ళు అతన్ని పిలిచిన పాపాన పోలేదు. ఇంజనీరుకు ఆ సంగతి తెలియదు. తల వంచుకుని రాశాడు. గోడ మీది షీల్డులు ఒక్కొక్కటే ఆ కాగితంలోకి దిగిపోయాయి. చివరి అక్షరం పడ్డాక మేస్త్రి ఆఫర్ కాగితం మీద తన సంతకం గీకి, రెండు కాగితాలూ పట్టుకెళ్ళి పెద్దాఫీసులో ఇచ్చాడు.

సోమవారం యజమాని అది చదివి, మేస్త్రి పాత సర్వీసు కలిపించి, షీల్డుల గోడ ఖాళీ చేయించాడు. "రోజూ భోజనాల ముందు ఓ గంట, మేస్త్రి దగ్గర మెషీను వినడం నేర్చుకో" అని ఇంజనీరుకు పురమాయించాడు కూడా.

మర్నాడు ఇంజనీరు స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని మెషీను మీదికి వంగాడు.

"ఏమైనా వినిపిస్తోందా సార్?"

"ఏం లేదయ్యా."

"అయితే ఇంకాసేపు వినండి. నేను తినొస్తా."

కొత్త మెషీను, దానికి ఏ రోగమూ లేదు. వినేందుకు ఏమీ లేదని మేస్త్రికి తెలుసు.

నడుము పట్టేసిన ఇంజనీరు క్యాంటీనుకు వచ్చేసరికి బల్ల నిండిపోయింది. చివర మేస్త్రి, పక్కన వెల్డరు. కాస్త జరిగితే ఒకరికి చోటవుతుంది. ఇంజనీరు క్యారియరు పట్టుకుని నిలబడ్డాడు.

మేస్త్రి కదల్లేదు. "బయట తినండి సార్. గాలి బాగుంటుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇంజనీరు సిమెంటు దిమ్మె వైపు నడిచాడు.

సంబరంలో మేస్త్రి భార్య ఆ రోజు ఇద్దరి కూరలోనూ ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. "చప్పగా ఉంది కదా బావా?" అన్నాడు వెల్డరు గుసగుసగా.

"నోర్ముయ్," అన్నాడు మేస్త్రి వేళ్ళు నాకుతూ. "పద్నాలుగేళ్ళలో ఇంత రుచి చూళ్ళేదు."