చెప్పేదాకా వదలొద్దు

కారు కింద వెల్లకిలా పడుకుని అతను పాత క్లచ్ సిలిండరు ఊడదీసేసరికి ఎండ ప్రహరీ దాటి ఇంజను మూత మీదికి పాకింది. గుప్పెట్లో పట్టేంత ముక్క అది. నిన్న నాలుగురోడ్ల మధ్య చేతులెత్తేసింది. తొక్కిన క్లచ్ పెడల్ నేలకు అంటుకుపోయి మళ్ళీ లేవలేదు. వెనకాల హారన్లు చెవులు చిల్లులు పొడుస్తుంటే, టాక్సీ ఎక్కిన మనిషి దిగి, తలుపు విసురుగా వేసి వెళ్ళిపోయాడు.

విప్పి చూస్తే లోపలి రబ్బరు పీలికలైపోయింది. నల్లటి ఆయిలు మోచేతిదాకా కారింది. గుడ్డతో తుడిచి కొత్తది బిగించాడు.

షెడ్డుకి ఇవ్వలేదు. ఇన్నేళ్ళుగా టాక్సీ తోలుతున్నవాడికి ఆ బండి కీళ్ళన్నీ తెలుసు. అతను మాత్రం ఎవరికీ పెద్దగా తెలియదు. ఎక్కినవాళ్ళంతా చూసింది అతని మెడ వెనక భాగమే. ఏం మాట్లాడినా ముఖాలు చూసుకోకుండానే మాట్లాడుకుంటారు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే అతనికి నోరు పెగలదు. భార్య ఉన్నన్నాళ్ళూ ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. ఆమె పోయాక అతనూ, ఆమె తల్లీ మిగిలారు. వచ్చిన చుట్టాలంతా వెళ్ళిపోయినా అత్తగారు పెట్టె సర్దుకోలేదు. ఉండమని అతనూ అనలేదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ పొయ్యి వెలిగించింది, అతను బండి తీశాడు. అలాగే గడిచిపోతోంది.

ఇప్పుడొక మాట చెప్పాల్సి ఉంది. పక్కవీధి టైలరమ్మ సంగతి. అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ అది గొంతుదాకా వచ్చి, ముద్దతోపాటు లోపలికి దిగిపోతోంది.

కొత్త సిలిండరు పెట్టాక గొట్టంలో చేరిన గాలి తీయాలి. పైన ఒకరు పెడల్ తొక్కిపట్టుకుంటే కింద ఒకరు స్క్రూ విప్పాలి. ఇంకెవరున్నారు? అత్తగారినే కేకేశాడు. కింద నుంచి అతనికి ఆమె పాదాలే కనిపించాయి. పొద్దుట్నుంచీ ఎడమ భుజం లాగుతోందని అంది. ఈ పనవగానే కాసేపు పడుకోమన్నాడు. పాదాలు ఒకదాని వెనక ఒకటి కారులోకి వెళ్ళాయి.

"లైసెన్సు లేనిదాన్ని కూర్చోబెట్టావు నాయనా. ఎవరైనా పట్టుకుంటే నీదే పూచీ."

"నేను చెప్పేదాకా కాలు తీయకండి అత్తయ్యా. మధ్యలో వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది."

తొక్కమంటే తొక్కింది. స్క్రూ విప్పగానే దానికి తగిలించిన సన్నటి గొట్టంలోంచి కింద పెట్టిన సీసాలోకి నురగతో ఆయిలు వచ్చింది. బిగించి, వదలమన్నాడు. మళ్ళీ తొక్కమన్నాడు. బుడగలు తగ్గుతున్నాయి. పైనుంచి ఆమె ఆయాసం వినిపిస్తోంది. ముఖం కనపడటం లేదు. చెప్పాలంటే ఇదే అదను అనిపించింది.

"తొక్కిపట్టుకోండి... అత్తయ్యా, టైలరమ్మని ఇంటికి తెచ్చుకుందామనుకుంటున్నాను."

పైనుంచి "ఊఁ" అని వినబడింది.

ఆ ఊపులో స్క్రూ విప్పుతూ మిగతాదీ చెప్పేశాడు. "మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఇల్లు మీది. ఆవిడకీ అదే చెప్పాను."

టప్పున పెడల్ లేచిన చప్పుడైంది. సీసాలో ఆయిలు గొట్టంలోకి వెనక్కి పాకింది.

"చెప్పేదాకా వదలొద్దన్నానా? పనంతా మొదటికొచ్చింది."

జవాబు లేదు. మనసు కష్టపెట్టుకుందేమో అనుకున్నాడు. మళ్ళీ తొక్కమన్నాడు. సీసాలోకి చుక్క రాలేదు. కొత్తదీ కారుతోందేమోనని చుట్టూ వేలితో తడిమాడు. పొడిగానే ఉంది.

బయటికి జరిగి లేచాడు. ఆమె తల కిటికీకి ఆనుకుని ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. ఎడమ పాదం పెడల్ పక్కకి జారింది. జిడ్డు చేతులు చొక్కాకి తుడుచుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అత్తయ్యా అని పిలిచాడు. తర్వాత, ఎప్పుడూ పిలవనివాడు, అమ్మా అని పిలిచాడు.

పక్కింటివాళ్ళు సాయంపట్టి లోపలికి చేర్చారు. డాక్టరు వచ్చి, గుండె ఆగిందని చెప్పి వెళ్ళిపోయాడు. వేరే ఊళ్ళో ఉండే ఆమె కొడుకు ఫోనులో ఏడ్చి ఏడ్చి, ఆఖరున అమ్మ ఏమైనా అందా అని అడిగాడు.

"ఊఁ అంది," అన్నాడు అతను.

దేనికని అవతలివాడు అడగలేదు. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదన్న రెండోమాట ఆమె చెవిన పడిందో లేదో అతనికీ తెలియదు.

కారుకి తాళం వేద్దామని బయటికొచ్చాడు. డ్రైవరు సీటు పక్కన, ఆవిడ తనతో తెచ్చుకున్న గిన్నె ఉంది. మధ్యమధ్యలో ఖాళీగా కూర్చోలేక బఠానీలు వలిచినట్టుంది. అడుగున కాసిని గింజలు. వాటి మీద సగం చీల్చిన కాయ ఒకటి, గింజలింకా లోపలే వరసగా ఉన్నాయి.