మాట పడిపోయిన టైర్లు

అది బుధవారం, ఉదయం ఆరూ నలభై. వాటర్ సర్వీసింగ్ షెడ్డు షట్టరు సగమే లేచి ఉంది. కోడలు బకెట్లో షాంపూ నురగ కలుపుతోంది. ముందు షెడ్డు, వెనక ఇల్లు, మధ్యలో ఒక్క తలుపు. ఆ తలుపు అవతల అత్తగారు దేవుడి ముందు కూర్చుందంటే గంటదాకా లేవదు.

మామగారు పోయి చాలాకాలమైనా ఆ షెడ్డులో ఆయన నేర్పిన పద్ధతే నడుస్తోంది. టైరు కడిగేటప్పుడు నీళ్ళ గన్నుకి వెడల్పు నాజిలే పెట్టాలి. మూరెడు దూరం నుంచి పట్టాలి. చెయ్యి ఒకచోట ఆగకూడదు. మట్టి మొండికేస్తే గొంతుక్కూర్చుని బ్రష్షుతో తోమాలే గానీ గన్ను దగ్గరికి తీసుకెళ్ళకూడదు. అవి రాతి మీద పాచిని చెక్కేసే నీళ్ళు. దగ్గరగా పడ్డాయంటే టైరు చెంప మీద గాటు పడుతుంది. పైకి వెంట్రుకంత కనిపిస్తుంది, లోపల ఎంత దిగిందో దేవుడికే తెలియాలి. ఏదో ఒక రోజు, మంచి వేగంలో ఉండగా పేలుతుంది.

పైగా, మట్టి వదిలేటప్పుడు టైర్లు తాము తిరిగిన దారులు చెప్పుకుంటాయి కదా, గాటు పడిన టైరుకి ఆ మాట కూడా పడిపోతుంది.

మాటంటే పెద్ద గొంతేం కాదు. నిద్రలో పలవరించినట్టు, "తారు... తారు... గతుకు... బడి ముందు స్పీడ్ బ్రేకరు... ఎడమ మలుపు..." అంటూ పోతాయి. మంచీ చెడూ వాటికి పట్టవు, దారి ఒక్కటే చెబుతాయి. టాక్సీ ఆయన వచ్చినప్పుడల్లా కోడలికి దండం పెట్టేవాడు.

"అక్కయ్యా, నీకు పుణ్యముంటుంది. పక్కన ఎవరైనా ఉంటే మాత్రం వీటిని కడగకు."

"మీ అత్తారింటి దారి తప్ప ఇంకేం చెప్పవుగా తమ్ముడూ నీ టైర్లు!"

"అదే కదక్కా సిగ్గు. నలుగురికీ తెలిస్తే ఇంకేమైనా ఉందా?"

పదకొండు రోజుల కిందట ఆ ఇంటి ఆడపడుచు పోయింది. పొరుగూళ్ళో ఎనిమిదేళ్ళ కూతురితో ఒక్కతే ఉండేది. ఆ మధ్యాహ్నం అన్నకి, అంటే కోడలి మొగుడికి, ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఊపిరాడటం లేదు. బండేసుకుని రా, ఆసుపత్రికి తీసుకెళ్ళు." అన్న బండి తీశాడు. సాయంత్రం తిరిగొచ్చి, "వంతెన మీద నీళ్ళమ్మా, దాటలేకపోయాను," అన్నాడు. అప్పటికే చావు కబురు వచ్చేసింది. మర్నాడు అందరూ వ్యానులో వెళితే వంతెన పొడిగానే ఉంది. "వాగు నీళ్ళు కదా, వచ్చినంత సేపు పట్టదు పోవడానికి," అన్నాడు. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. కారు మాత్రం ఆనాటి మట్టితోనే షెడ్డు మూల ఉండిపోయింది.

ఆ తల్లి ఏడ్చి ఏడ్చి, చివరికి ఒకే మాట పట్టుకుంది. "బుధవారం ఆ బండి కడుగుదాం. అందులోనే వెళ్ళి, పక్కింటివాళ్ళ దగ్గరున్న పిల్లని తెచ్చుకుందాం. నా కూతురి కోసం వాడు ఎంతదాకా పోగలిగాడో ఆ టైర్ల నోట వింటాను. వంతెన అన్న ఒక్క మాట చెవిన పడితే చాలు, నా ప్రాణం కుదుటపడుతుంది."

పంపు మోత ఎంతకీ ఆగకపోతే, నురగ కలుపుతున్న కోడలు తలెత్తింది. మొగుడు కారు దగ్గర వంగి ఉన్నాడు. గన్నుకి వెడల్పు నాజిలు లేదు. లారీల అడుగున గడ్డకట్టిన సిమెంటు రాల్చే సూది నాజిలుంది. చక్రానికీ దానికీ మధ్య జానెడు కూడా లేదు.

"ఏమండీ! ఏం చేస్తున్నారు? అంత దగ్గరగానా!"

అతను తిరిగి చూడలేదు. మూడు చక్రాలు అప్పటికే నల్లగా మెరుస్తూ, నోరు మూసుకుని ఉన్నాయి. నాలుగోదాని మట్టి పెళ్ళలుగా రాలుతోంది. "బంకు పక్క సందు... పేకాట గది ముందు సిమెంటు... చాలాసేపు సిమెంటు... మళ్ళీ ఇంటి దా..." నీళ్ళ సూది దిగింది. మాట తెగిపోయింది.

కోడలు పంపు ఆపేసింది. "మీరసలు వెళ్ళనే లేదు."

"దానిదెప్పుడూ అంతేగా. తుమ్మితే ఫోను, దగ్గితే ఫోను. ఒక్క ఆట అయ్యాక పోదామనుకున్నాను." గొంతు తగ్గించాడు. "అమ్మకి చెప్పకు. తట్టుకోలేదు."

"ఈ టైర్ల మీద ఆవిడని కూర్చోబెట్టి తీసుకెళతారా?"

"నిదానంగా పోనిస్తాలే."

తలుపు తెరుచుకుంది. అత్తగారు ఉతికిన చీర కట్టుకుని, పీట చేత్తో పట్టుకుని వచ్చింది.

"అప్పుడే కడిగేశావా నాయనా? నన్నొక్క కేకేయలేకపోయావా?"

"నీకెందుకమ్మా శ్రమ! నేను విన్నాగా. వంతెన దాకా చెప్పాయి."

"లోపలి వైపు ఇంకా కాస్త మట్టి ఉంటుందిలే." చక్రం పక్కనే పీట వేసుకుని, చెంబుతో నీళ్ళు పోసింది. మట్టి కారింది. టైరు పలకలేదు. రెండోదాని దగ్గరికి పీట జరుపుకుంది, మూడోదాని దగ్గరికి, నాలుగోదాని దగ్గరికి. అక్కడ బొటనవేలితో టైరు చెంప తడిమింది. వేలు ఒకచోట ఆగిపోయింది.

"వీటికేమైందే?" అంది, కోడలి వంక చూస్తూ.

మొగుడి చూపు తన మీదే ఉందని కోడలికి తెలుసు. "గాట్లు పడ్డాయి అత్తయ్యా. మీరు ఈ బండి ఎక్కకండి," అంది. ఆవిడ కొడుకు వైపు తిరిగింది.

"ఎంత దూరం నుంచి పట్టావురా?"

అతను గన్నుకున్న సూది నాజిలు విప్పడం మొదలుపెట్టాడు.

"నిన్నే."

"జానెడు."

"చెయ్యి జారి అలా పట్టేవాడివి కాదు నువ్వు. నాలుగింటికి నాలుగూ! సరే, ఇప్పుడు చెప్పు. దాని కోసం ఎంత దూరం వెళ్ళావు?"

షట్టరు అవతల ఎవరిదో కారు వచ్చి ఆగింది, హారన్ కొట్టింది.

"పేకాట గది దాకా," అన్నాడతను.

ఆవిడ తిట్టలేదు, శపించలేదు. పీట తీసుకుని లేచింది. కోడలి భుజం పట్టుకుంది.

"పిల్ల ఈ ఇంటికి రాదమ్మా. నేనే దాని దగ్గరికి పోతాను."

"ఎన్నాళ్ళు అత్తయ్యా?"

"పెరిగేదాకా. దేవుడు నన్ను ఉంచితే."

మర్నాడు తెల్లవారగానే కోడలు రెండు చేతిసంచులు సర్దింది. కొడుకు చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "బస్సు ఆరుంబావుకమ్మా," అన్నాడు. ఆవిడ కోడలి వైపు తిరిగి, "బస్సెన్నింటికే?" అని అడిగింది. "ఆరుంబావుకి అత్తయ్యా," అంది కోడలు. వాళ్ళిద్దరూ చెరో సంచీ పట్టుకుని నడిచారు. అతను వెనకే వచ్చాడు. రమ్మని ఎవరూ అనలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. బస్సొచ్చింది. ఆవిడ కోడలి చేతిలోని సంచీ కూడా అందుకుని ఎక్కి, కొడుకు నిలబడ్డ వైపు కాకుండా అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంది.