తీసేసిన 512

చెత్త కనబడితే అక్సా చేతులు ఊరుకోవు. కారేపల్లిల ఇంట్ల కూసోని హైదరాబాదు కంపెనీకి పని చేస్తది. కంప్యూటరు డిస్కు మీద రాయాలన్నా చదవాలన్నా డ్రైవర్ అనే ప్రోగ్రాం ఒకటుంటది. దాని కోడును శుభ్రం చేసుడు ఆమె వంతు. శుక్రవారంతోటి ప్రొబేషన్ ఖతం. ఈ పని తప్పయితే నౌకరీ ఊడినట్టే.

అబ్బో, ఆ కోడు! పదేండ్ల సంది ఎవరికి తోచింది వాళ్ళు కుక్కిండ్రు. ఎవరూ వాడని అంకెలు. ఒకటి కలిపే లైను మీద "ఇక్కడ ఒకటి కలుపుతున్నాం" అని వివరణ! కండ్ల ముందున్నదాన్ని మళ్ళ చెప్పుడెందుకయ్యా? అక్సా అన్నీ ఊడ్చింది. ఒకచోట 512 అనే విలువకు రెండు పేర్లున్నయి. ఒక పేరు పీకేసి, రెండోదాన్నే రెండుచోట్లా వాడింది. పరీక్షలన్నీ పాసయినయి. టీం లీడర్ వీరన్నకు పంపితే ఆయన ఓకే కొట్టిండు. ఆ ఊపుల వంటింటి మీద పడ్డది.

బియ్యం డ్రమ్ముల కొలిచే సోల ఒకటి, దూలానికి ఏలాడుతూ ఇంకోటి. ఒక్క తీరువి, ఒక్క కొలతవి. ఏలాడేదాన్ని పాతసామాను సంచిల వేసిందో లేదో, అమ్మ ఇన్నమ్మ ఉరికొచ్చింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! అది పురుగుమందు పట్టిచ్చిన విత్తనాలు కొలిచే సోల. అది కనబడకపోతే మీ నాయిన వాటిని బియ్యం సోలతోనే కొలుస్తడు. ఎల్లుండి అందరం దవాఖానాలనే!"

"దానిమీద రాసి పెట్టొచ్చు గదమ్మా?"

"నాకు తెల్సు గదా. ఇంకెవరికి రాయాలె?"

అక్సాకు తాను పీకేసిన పేరు యాదికొచ్చింది. ల్యాప్‌టాప్ కాడికి ఉరికింది. తాను తీసేసిన 512 డిస్కు మీది ఒక్కో గడి సైజు. ఉంచింది ఒక్కసారికి పంపే డేటాకు హద్దు. ఇయ్యాల రెండూ సమానమే. రేపు పెద్ద గడుల డిస్కు వచ్చి ఒకటి మారిస్తే, రెండోది గూడ మారిపోయి జనం ఫైళ్ళు ఆగమైతయి. పరీక్షలు చేసిందేమో పాత డిస్కు మీదనాయె.

చప్పుడు చేయకుంటే ఎవరికీ తెల్వది, శుక్రవారం గడిచిపోతది. అబద్ధమెందుకు, ఆ పాడు బుద్ధి పుట్టింది కూడా. ఆఖరికి ఆ 512ను మళ్ళ పెట్టి, పైన రెండు లైన్లు రాసింది: విలువ ఒకటే, పనులు వేరు, కలిపితే ఇదీ నష్టం. "తప్పు నాదే సార్" అని పంపి, ఫోన్ ముందట పెట్టుకొని కూసున్నది.

పావుగంటకు వీరన్న ఫోన్ చేసిండు.

"ఇది నీకెవరు చెప్పిండ్రమ్మా?"

"మా అమ్మ, సార్."

"అమ్మ ఏం పని చేస్తది?"

"ఎవుసం, సార్."

వీరన్న పకపకా నవ్విండు. నవ్వు ఆగినంక గొంతు తగ్గింది. "రెండేండ్ల కింద నేను గూడ గిదే తీసేసిన. ఒక కస్టమర్ ఫైళ్ళన్నీ పోయినయి. మళ్ళ పెట్టిన గని, ఎందుకు పెట్టిన్నో అండ్ల రాయలే. రాస్తే నా తప్పు పదిమందికి తెలుస్తదని సిగ్గు. పొద్దున నీది చూసి గూడ నాకే యాదికి రాలే, చూడు! సోమవారం నుంచి నువ్వు పర్మనెంట్. కాయిదం పంపుత. ఒక్కసారి కోడు తెరువు."

అక్సా తెరిచింది. ఆమె రాసిన రెండు లైన్ల కింద మూడోది అప్పుడే వచ్చి చేరింది: "ఒకసారి నేను కలిపిన, చెడిపోయింది. – వీరన్న."