గుమ్మం బయట చెప్పులు

ఒక్క స్తంభమే, నాలుగు గుమ్మటాల బరువూ మోస్తున్నది మధ్యనున్న ఆ ఒక్క స్తంభమే, అది గాని ఓ పూట విసుగెత్తి పక్కకి తప్పుకుంటే ఏమవుతుందో అనుకుంది పేరమ్మ, ఫుజైరా దగ్గర బిదియాలో పాత మసీదు చూసి వ్యానెక్కి చాలా దూరమే వచ్చేశారు, ఆమె మనసు మాత్రం ఇంకా ఆ మట్టిగోడల దగ్గరే ఉండిపోయింది, లోపల జైబున్నీసా నమాజు చేసుకుంటుంటే తను గుమ్మం బయట నిలబడి తొంగి చూసింది, ఎంత చల్లగా ఉందో లోపల, అక్కడే ఓ మూల నక్కి కూర్చుంటే ఎవరికి తెలుస్తుంది, ఛీ, ఎక్కడికెళ్ళినా ఇదే యావ, జనం కోటల్ని చూస్తారు, కొండల్ని చూస్తారు, తను మాత్రం నక్కడానికి చోటు చూస్తుంది, అదిగో వెనకాల తెల్లకారు, మీద దీపం ఉందా, లేదు, పైన సామాన్లు కట్టుకునే కమ్మీ, అమ్మయ్య, ఏటి చెల్లెమ్మా అలా సీటు కిందకి జారిపోతన్నావ్, పోలీసోడికి నీ బుర్ర కనపడకూడదనా, ఈ కొండల్లో మేకలక్కూడా కాగితాలుండవు, భయపడకు అంటూ అద్దంలోంచి నవ్వాడు అంజిబాబు, అతనికేం, అత్తిలి నుంచి వచ్చి షార్జాలో వ్యాను నడుపుతున్నాడు, లైసెన్సుంది, వీసా ఉంది, నవ్వడానికి నోరుంది.

రానంటే వినలేదు జైబున్నీసా, శుక్రవారం శుక్రవారం షార్జాలో ఆ రోలా పేట గదిలో గోడలు చూస్తా కూచుంటే పిచ్చి పడ్తాది నీకు, ఫుజైరా కొండలు సూద్దాం, పాత కోటలు సూద్దాం, రా మే అంది, ఆమెది కడప, బడిలో ఊడ్చే ఉద్యోగం, పైమంచం ఆమెది, కింది మంచం తనది, కాగితాలు లేనోళ్ళు ఏ శిక్షా లేకుండా ఊరికి పోవచ్చునని ఈడి గవర్మెంటు చెప్పినాక ఇంకా ఏం ఆలోచన నీకు అని రోజూ పైమంచం మీద నుంచి తల వంచి అడుగుతుంది, ఏం ఆలోచనంటే ఏం చెప్పను, అదంతా వల అని రోలాలో కూరల కొట్టు దగ్గర అనుకుంటున్నారు, వేలిముద్రలు తీసుకుని లోపలేస్తారట, వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న పాత కఫీల్‌ని పిలిపించి అప్పజెబుతారట, అప్పజెబితే, మళ్ళీ ఆ ఇల్లు, మేడమ్ ఇల్లు కాక ఆమె అక్కల ఇళ్ళు రెండు, మూడిళ్ళ చాకిరీ ఒక్క ఒంటితో, ఒకనాడు చెత్తసంచి పారెయ్యడానికి గేటు దాటి, సంచి పెట్టెలో వేసి, వెనక్కి తిరగాల్సింది తిరగకుండా అలాగే నడుచుకుంటూ వచ్చేసింది, పాస్‌పోర్టు ఆ బీరువాలోనే ఉండిపోయింది, దొంగతనం చేయలేదు, ఎవర్నీ కొట్టలేదు, నడిచింది, అంతే, నడిచినందుకు ఇంత భయమా దేవుడా, మొన్న ఫోన్లో బేబీ, తన కడుపున పుట్టిన బేబీ, అమ్మనే మాట్లాడుతున్నానే అంటే, ఉండండి అమ్మకిస్తాను అని తీసుకెళ్ళి పిన్ని చేతిలో పెట్టింది ఫోను, చెల్లెలు సత్యకుమారి ఏడ్చింది, చిన్నపిల్లకేం తెలుస్తుంది అక్కా అని, తెలుస్తుంది, చిన్నపిల్లలకే తెలుస్తుంది ఎవరు దగ్గరుంటే వాళ్ళే అమ్మని, ఇంకొన్నాళ్ళు ఇలాగే దాక్కుంటే తను వెళ్ళినా ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఎవరు కావాలండీ అంటుంది.

వ్యాను తారురోడ్డు దిగి ఎండిన వాగులోకి దిగింది, గులకరాళ్ళు టకటకా అడుగున కొట్టుకుంటుంటే రెండు కొండల మధ్య ఊరు కనబడింది, ఊరంటే మనుషుల్లేని ఊరు, కప్పులు కూలిన రాతిళ్ళు, పైన గుట్ట మీద గుండ్రటి బురుజుతో చిన్న కోట, కింద ఈతచెట్లలా కనిపించే ఖర్జూరపు తోట, దాంట్లో మామిడిచెట్లు, నిజం మామిడిచెట్లే, పేరమ్మ ఆకు తుంచి వాసన చూసి నమ్మింది, చెట్ల మొదళ్ళకి సన్నటి రాతి కాలువ, మన చేలగట్టు పక్క బోదె కన్నా సన్నం, అందులో చల్లటి నీళ్ళు గలగలమంటున్నాయి, కాళ్ళు పెట్టింది, ఎన్నాళ్ళకి, ఎవరు తవ్వారో, ఎంతమంది ఆడవాళ్ళు ఇక్కడ బిందెలు ముంచారో, వాళ్ళంతా ఏమైపోయారు, ఇంత చల్లటి నీళ్ళు వదిలేసి ఎలా వెళ్ళగలిగారో, సూడు చెల్లెమ్మా, కొండమీద మబ్బేసింది, అచ్చం మనూరి మబ్బే అని అంజిబాబు చెయ్యెత్తి చూపిస్తే చూసింది, నల్లగానే ఉంది, ఆ కాసేపూ భయం గుర్తులేదు ఆమెకి, నిజంగా గుర్తులేదు, జైబున్నీసా నీళ్ళ దగ్గరే కూలబడి నాకు మోకాళ్ళు, నువ్వు పోయి ఎక్కి సూడు అంటే పిల్లలా గుట్ట ఎక్కింది, సగం ఎక్కి వెనక్కి చూసింది, వాగులో దుమ్ము, దుమ్ములో తెల్లబండి, మీద దీపం.

కాళ్ళు ఆమెని అడగలేదు, వాటంతటవే పరిగెత్తాయి, పైకి, రాళ్ళ మీదుగా, ఏ ఇల్లో చూసుకోలేదు, చీకటిగా ఉన్న గుమ్మంలో దూరి మూలకి పోయి గోడకి అంటుకుపోయింది, చల్లటి గోడ, మసీదు గోడ లాంటిదే, అనుకున్నావుగా నక్కి కూర్చోవాలని, కూర్చో, పెద్దమ్మ తల్లీ కాపాడు, అంజిబాబు ఏమని చెబుతాడు, ఇద్దరమే వచ్చామనాలి, జైబున్నీసా నోరు జారకూడదు, అరికాళ్ళ కింద మట్టి మెత్తగా తగులుతోంది, మట్టి, అరికాళ్ళకి మట్టి ఎందుకు తగులుతోంది, చెప్పులు, చెప్పులేవి, అయ్యో నా బుద్ధి మండా, గుమ్మం బయట విప్పేసింది, చావు వెనకాల తరుముతున్నా గుమ్మం కనిపించగానే చెప్పులు విప్పేసింది, పాడుబడ్డ కొంపకి మర్యాద, మనిషి లేడు తలుపు లేదు, చెప్పులు మాత్రం విప్పాలి, రెండేళ్ళు ఆ ఇంట్లో చేసిందదే కదా, మొదటిరోజే నేర్పింది మేడమ్, చుట్టాలొస్తే కూర్చునే మజ్లిస్ గుమ్మం దగ్గర నిలబెట్టి, వచ్చినవాళ్ళు ఎటు పడితే అటు విసిరేసి లోపలికి వెళతారు, బోర్లా పడిన చెప్పు ముందు తిప్పాలి, అడుగుభాగం ఆకాశాన్ని చూడకూడదు, తర్వాత అన్నిటినీ జతలు చేసి ముక్కులు బయటికి పెట్టాలి, వెళ్ళేవాళ్ళు వంగకుండా కాళ్ళు దూర్చుకోవాలి, చేత్తోనే చెయ్యాలి, ఓసారి పాదంతో నెడితే మేడమ్ తన చెయ్యి పట్టుకుని నేలదాకా వంచింది, అలా ఎన్ని జతలు తిప్పిందో ఈ చేతులు, ఇప్పుడు నీలం రంగు రబ్బరు చెప్పులు గుమ్మం బయట పేరమ్మ ఇక్కడే ఉందని చాటింపు వేస్తున్నాయి, ఒకటి బోర్లా పడిన చప్పుడు కూడా గుర్తుకొస్తోంది, వెళ్ళి తెచ్చుకోనా, చెయ్యి చాపితే అందుతాయేమో, కదలవే, కదలదు, ఒళ్ళంతా కొయ్యబారిపోయింది.

బూట్లు, బూట్ల చప్పుడే, రాళ్ళ మీద నిదానంగా, ఒక ఇంటి ముందు ఆగి, మళ్ళీ నడిచి, మరో ఇంటి ముందు ఆగి, ఒక్కో ఇల్లూ చూస్తున్నాడు, వెతుకుతున్నాడు, ఎవరు చెప్పారు, కూరల కొట్టతను చెప్పాడా, ఆగాడు, ఇక్కడే ఆగాడు, గుమ్మంలో వెలుతురు సగం తగ్గింది, పేరమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది, బేబీ, నేను దొంగని కాదమ్మా, ఎవరు ఏం చెప్పినా నమ్మకు, అతను దగ్గాడు, ఇల్లు గలవాళ్ళని పిలిచేముందు మగవాళ్ళు దగ్గే దగ్గు, సలామాలేకుమ్ అన్నాడు చీకట్లోకి, చిన్న గొంతు, బదులు చెప్పాలా, చెబితే అయిపోయినట్టే, ఏదో సన్నటి చప్పుడు, మళ్ళీ నిశ్శబ్దం, వెలుతురు తిరిగొచ్చింది, బూట్లు కిందకి దిగుతున్నాయి, దిగుతున్నాయా, ఇది కూడా వలేనా, బయటికి రాగానే పట్టుకుందామనా, మే పేరమ్మా, యాడుండావ్, బయటికి రా మే, జైబున్నీసా గొంతు, ఒగురుస్తూ, ఆ మోకాళ్ళతోనే గుట్టెక్కి వచ్చింది పాపం.

గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది, చెప్పులు, రెండూ పక్కపక్కన, బోర్లా పడ్డది లేదు, ముక్కులు రెండూ బయటికి, వెళ్ళేమనిషి కోసం, దుమ్ములో ఈడ్చిన గీత లేదు, అంటే పాదంతో నెట్టలేదు, బూట్లేసుకుని, టోపీ పెట్టుకుని, వంగి, చేత్తో తీసి, తన చెప్పులు, వీసాలేని పేరమ్మ రబ్బరు చెప్పులు, ఏం జేస్తాండావ్ నిలబడి, దిగుదాం పా, పైన కొండల్లో వాన పడ్తాండాదంట, వాగొస్తాదంట, బండి తీసేయమని చెప్పనీకి వచ్చినాడు ఆ పోలీసాయన, ఎవరన్నా మిగిలిపోతారని ఇల్లిల్లూ సూసి దిగొచ్చి నాతో ఏమన్నాడో తెల్సునా, పైన ఒక ఆడమనిషి దాక్కోనుండాది, భయపడ్తాండాది, నేను పిలిస్తే రాదు, నువ్వు పోయి పిల్చుకో అన్నాడు, నీ గురించి ఇంకేం అడగలేదు మే, నిజంగా అడగలేదు అంటోంది జైబున్నీసా, కింద అంజిబాబు హారన్ మీద హారన్ కొడుతున్నాడు, యల్లా యల్లా, పదండి పదండి అని అరుస్తున్నాడు, ఇప్పుడు నవ్వడం లేదతను, తెల్లబండి అప్పటికే వాగులో కింది ఊరివైపు పోతోంది, పేరమ్మకి ఏడుపొచ్చింది, ఏడ్చింది, ఇంకా దాక్కునే ఉంటే తన కోసం కింద ఆగినవాళ్ళ మీదకి వాగు వచ్చేది, వాగుకి ఎవరి కాగితాలూ అక్కర్లేదు, అందరూ ఇతనిలాగే ఉంటారని కాదు, ఊరికి పంపే ఆఫీసులో కూర్చున్నవాడు ఎలాంటివాడో, వేలిముద్రల దగ్గర ఏం చేస్తారో, మేడమ్ ఏమంటుందో, ఏమీ తెలియదు, భయం పోలేదు, పోతుందనీ అనిపించడం లేదు, ఇన్నాళ్ళూ అది పోయాక బయల్దేరదామని కూర్చుంది, అదే తప్పు, అది పోదు, దాన్ని వెంటేసుకునే వెళ్ళాలి, పాదాలు చెప్పుల్లో పెట్టింది, వంగనక్కర్లేకుండా దూరాయి, రేపు నన్ను ఆ ఆఫీసుకి తీసుకెళ్ళక్కా, లోపలిదాకా రా, ఆ తర్వాత నేను వెళతాను అంది, ఊరికెళ్ళాక గుమ్మంలో నిలబడి ఎవరు కావాలండీ అని బేబీ అడిగితే అడగనీ, నేనే మీ అమ్మనని చెప్పడానికి తను ఆ గుమ్మం దాకా నడిచి వెళ్ళాలి.