సగం దారి

భర్త వృషణంలోంచి కణితి తీశారు. ఆ కణజాలంలో కొంత పరిశోధనకు ఇవ్వడానికి అతను సంతకం పెట్టాడు. అది భార్య పనిచేసే ల్యాబ్‌కే వచ్చింది. ఏడేళ్లుగా ఆ ఇద్దరూ బిడ్డ కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారు.

వీర్యకణం ఎదిగేటప్పుడు, పని తీరిపోయిన ప్రోటీన్లకు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గుర్తులా అంటుకుంటుంది. గుర్తు అంటిన ప్రోటీన్లు తొలగితేనే కణం పూర్తిగా ఎదిగి, దానికి తోక వస్తుంది. ఆ గుర్తులు పచ్చగా మెరిసేలా రంగు వేసి ఆమె మైక్రోస్కోపులో చూసింది. కణితి పక్కనున్న కణాల్లో పచ్చదనం దాదాపు లేదు. అన్నీ గుండ్రంగా, ఎదుగుదల ఆగిపోయి ఉన్నాయి. తోక ఉన్న ఒక్క కణం కోసం ఆమె మధ్యాహ్నమంతా వెతికింది.

సాయంత్రం ఆసుపత్రిలో అతనే అడిగాడు. "చూశావా? ఒక్కటైనా ఉందా?"

"లేదండీ. అన్నీ సగం దాకా వచ్చి ఆగిపోయాయి."

"పోన్లే, బయల్దేరాయిగా," అన్నాడు.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అతని చెయ్యి పట్టుకుని, బిడ్డకు పెట్టాలని ఇన్నేళ్లుగా మనసులో దాచుకున్న పేరును మొదటిసారి అతని చెవిలో చెప్పింది.

"బాగుంది," అన్నాడతను. "ఇంకోసారి చెప్పు."