ముందే చెప్పిన రంగు

రాజ్యలక్ష్మి లెక్కలో శ్రీపతి సారు సైన్సు టీచరు కాదు, సైన్సుకు పూజారి. ఆయన ప్రశ్న అడగడమే ఆలస్యం, ఎనిమిదో తరగతి ఏ సెక్షన్ పిల్లలు సుప్రభాతం చదివినట్టు జవాబు అప్పజెప్పేవాళ్లు. జమ్మలమడుగులోని ఆ హైస్కూల్లో ప్రయోగశాల బీరువా తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. సామాను పగిలిపోతుందని నాలుగేళ్లుగా బీరువా తెరిచిన పాపాన పోలేదు. బీ సెక్షన్‌కు పాఠం చెప్పే రాజ్యలక్ష్మి అడిగి అడిగి విసిగిపోయి, నిమ్మకాయలూ వంటసోడా మందారపూలూ ఇంటినుంచే తెచ్చుకుని, శుక్రవారం చివరి పీరియడ్‌లో పిల్లల చేత ప్రయోగాలు చేయించేది.

“ఏంది మేడం, సర్బత్ అంగడి పెట్టినారా? నిమ్మకాయలు పిండితే మార్కులు కారతాయా?” అనేవాడు శ్రీపతి, స్టాఫ్ రూంలో అందరూ వినేట్టు.

మార్కుల మాట నిజమే. యూనిట్ టెస్టులో ఏ సెక్షన్‌కు సగటున నాలుగు మార్కులు ఎక్కువొచ్చాయి. ఎందుకు రావు? ప్రశ్నపత్రం తయారు చేసిన మహానుభావుడూ శ్రీపతే, అందులోని ప్రశ్నలూ ఆయన నోట్సులోవే. ఇక ప్రయోగాల పీరియడ్ ఉంచాలా, తీసేసి బిట్లు బట్టీ పట్టించాలా అన్నది తనిఖీ అధికారి తేలుస్తాడని హెడ్మాస్టరు చెప్పాడు. వారానికి ఆ ఒక్క పీరియడే రాజ్యలక్ష్మికి ప్రాణం.

అధికారి రానే వచ్చాడు. పనిలో పనిగా గండికోట కూడా చూసి పోవాలని ఆయన తొందర. రెండు సెక్షన్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టారు. శ్రీపతి బీరువా తెరిచి, లిట్మస్ కాగితాల కట్ట మీద దుమ్ము ఊది, ఒక నీలి కాగితాన్ని నిమ్మరసంలో ముంచి పైకెత్తాడు.

“ఏం రంగుకు మారింది?”

“ఎరుపు సార్!” అని ఏ సెక్షన్ మొత్తం అరిచింది.

కాగితం నీలంగానే ఉంది. బీరువాలో చెమ్మ పట్టి ఏనాడో పాడైపోయింది. అధికారి ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే “వెరీ గుడ్” అన్నాడు.

బీ సెక్షన్‌లోంచి జువేరియా లేచింది. “యాడ మారింది సార్? నీలంగానే ఉండాది కదా.”

“కండ్లు కనపడవా నీకు? కూర్చో!” అని శ్రీపతి గద్దించాడు.

ఆ పిల్ల కూర్చోలేదు. మందారపూలు రుద్ది తాను చేసుకున్న కాగితాన్ని నోట్సులోంచి తీసి, అదే రసంలో ముంచింది. అది ముదురు గులాబీకి తిరిగింది. “రసం బాగనే ఉండాది సార్. మీ కాగితమే చెడిపోయింది.”

రాజ్యలక్ష్మికి గర్వంతో ఒళ్లు పులకరించింది. అధికారికి మాత్రం చిరాకేసింది. “లిట్మస్ పాఠంలో ఈ పూలగోల ఏందమ్మా?” అన్నాడు. ఆ పూలగోల ఏడో తరగతి పుస్తకంలోనే ఉందని పాపం ఆయనకు తెలియదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ‘ఏ సెక్షన్ భేష్. బీ సెక్షన్‌లో క్రమశిక్షణ లోపం’ అని రాసి, కారెక్కి పోయాడు. శుక్రవారం పీరియడ్ బిట్ల పాలైంది.

సాయంత్రం బడి వదిలాక ఏ సెక్షన్ ఫస్టు ర్యాంకు పిల్ల అనఘ రాజ్యలక్ష్మి దగ్గరికొచ్చి నిలబడింది.

“మేడం, నాకు గూడా నీలంగానే కనపడింది.”

“మరి ఎరుపని ఎందుకరిచినావే?”

“జవాబు ఎరుపు కదా మేడం.”

రాజ్యలక్ష్మి కోపం దిగమింగుకుని, మిగిలిన మందార కాగితమూ ఒక నిమ్మబద్దా ఆ పిల్ల చేతిలో పెట్టింది. “నువ్వే పిండి, ఏం రంగొచ్చిందో చూసి చెప్పు.”

అనఘ పిండలేదు. కాగితం వైపు కూడా చూడకుండా మేడం మొహంలోకి చూసింది.

“ఏం రంగు రావాలో ముందు మీరు చెప్పండి మేడం.”

పొద్దుటినుంచీ ఆ పెద్దమనుషుల్ని చూసి మండిపడిన రాజ్యలక్ష్మికి ఇప్పుడు ఏడుపొచ్చింది.

“చెప్పను. పిండు,” అంది.